కర్రలోని నూలు

విదేశాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాల ఇళ్ళలో, బట్టల అలమర అడుగు అరలో, రెండు వస్తువులు తరచుగా పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి అమ్మమ్మగారి నేత చీర. రెండవది వారపత్రికలో వచ్చిన ధారావాహికను వారం వారం కత్తిరించి, కుట్టించి, అట్ట వేయించి దాచుకున్న బైండు పుస్తకం. రెండింటి వయస్సు ఇంచుమించు ఒకటే కావచ్చు. చీర ఉతికి ఉతికి మెత్తబడినా ఇప్పటికీ కట్టుకోవడానికి పనికివస్తుంది. పుస్తకం మాత్రం గోధుమరంగుకు తిరిగి, పుట తిప్పబోతే అంచులు పెళుసుగా విరిగి ఒడిలో రాలుతాయి.

రసాయనశాస్త్ర దృష్టితో చూస్తే ఈ రెండింటికీ ఆధారమైన పదార్థం ఒక్కటే. దాని పేరు సెల్యులోజు. పత్తికాయలో ప్రకృతి దానిని దాదాపు శుద్ధంగానే అందిస్తుంది. ఎండిన దూది బరువులో 90 శాతానికి పైగా సెల్యులోజే. చెట్టులో మాత్రం దానిని వేరే పదార్థాలతో కలిపి గట్టిగా బిగించి ఉంచుతుంది. ఆ బిగింపును విప్పి సెల్యులోజును వెలుపలికి తీయడం ఎలా, తీసిన పదార్థం మంచిదో కాదో తెలుసుకోవడం ఎలా అన్నదే ఈ వ్యాస విషయం. అది తెలిస్తే పుస్తకం ఎందుకు రాలిపోతున్నదో కూడా తెలుస్తుంది.

ఒకే పూసతో గుచ్చిన దండ

1838లో ఆన్సెల్మ్ పేయాన్ అనే ఫ్రెంచి రసాయనవేత్త పలు రకాల మొక్కల కణజాలాన్ని తీసుకొని ఆమ్లంతోను, క్షారంతోను, ఆల్కహాలు వంటి ద్రావణులతోను వరుసగా కడిగి చూశాడు. మొక్క ఏదైనా చివరకు మిగిలిన తెల్లని పీచు పదార్థపు కూర్పు ఒకే విధంగా ఉంది: కర్బనం 44.4 శాతం, ఉదజని 6.2 శాతం, తక్కినది ఆమ్లజని. మొక్కల కణాల గోడలు దీనితోనే నిర్మితమైనవి కనుక కణాన్ని సూచించే మాట నుండి దీనికి సెల్యులోజు అన్న పేరు వచ్చింది. ఆశ్చర్యకరమైన విషయమేమిటంటే బియ్యంలోని పిండిపదార్థపు కూర్పు కూడా సరిగ్గా ఇదే. కూర్పు ఒకటే అయినప్పుడు అన్నం ఎందుకు అరుగుతుంది, కర్ర ఎందుకు అరగదు?

సమాధానం దొరకడానికి ఇంకా ఎనభై సంవత్సరాలకు పైగా పట్టింది. ఇటువంటి పదార్థాలు వేలాది చిన్న అణువులు వరుసగా ముడిపడిన పొడవైన గొలుసులని జర్మనీకి చెందిన హెర్మన్ స్టాడింగర్ 1920లో ప్రతిపాదించినప్పుడు తోటి శాస్త్రజ్ఞులలో చాలామంది అంగీకరించలేదు. తరువాత ఆ భావనే స్థిరపడింది. 1953లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

సెల్యులోజు గ్లూకోజు పూసలతో గుచ్చిన దండ. పిండిపదార్థం కూడా గ్లూకోజు పూసల దండే. భేదం పూసకూ పూసకూ మధ్య ఉన్న ముడి తిరిగిన దిశలో ఉంది. పిండిపదార్థంలోని ముడి వలన దండ మెలితిరిగి చుట్టలు చుట్టుకుంటుంది. సెల్యులోజులో ప్రతి పూస తన ముందున్న పూసకు తలకిందులుగా అమరుతుంది. అందువలన దండ కర్రలాగా నిటారుగా సాగుతుంది. మనిషి జీర్ణరసాలు మొదటి ముడిని విప్పగలవు, రెండవ దానిని విప్పలేవు. గడ్డి మేసే ఆవు కడుపులో ఆ పని చేసిపెట్టేవి అక్కడ కాపురముండే సూక్ష్మజీవులు.

కర్రలోని సెల్యులోజు దండ ఒక్కొక్కదానిలో సుమారు పదివేల పూసలు ఉంటాయి. అంత పొడవైన దండ కూడా బారుగా సాగదీస్తే మిల్లీమీటరులో రెండు వందవ వంతుకు మించదు. ఇటువంటి దండలు పక్కపక్కన చేరి, ఉదజని బంధాలతో ఒకదానినొకటి పట్టుకొని, సన్నని పోగులవుతాయి. ఒక్కొక్క పోగు మందం మిల్లీమీటరులో మూడు లక్షల వంతు మాత్రమే. పోగులు కలిసి పీచు అవుతుంది. పోగులో దండలు క్రమంగా పేర్చినట్లున్న భాగాలను స్ఫటిక భాగాలంటారు. కొంత చిక్కుబడి వదులుగా ఉన్న భాగాలు కూడా ఉంటాయి. నీరు ఆ వదులు భాగాలలోనికి మాత్రమే చొరబడుతుంది. నూలు బట్ట నీటిని పీల్చుకుంటుంది గాని నీటిలో కరగకపోవడానికి కారణం ఇదే.

తడిక గోడ

కర్ర నిర్మాణాన్ని అర్థం చేసుకోవడానికి పల్లెటూళ్ళలోని పూరిల్లును గుర్తుచేసుకుంటే చాలు. ముందు వెదురుతోనో కంపతోనో తడిక అల్లుతారు. దానిని తాళ్ళతో బిగిస్తారు. ఆపైన గడ్డి కలిపిన మట్టి మెత్తుతారు. తడిక లాగుడును, మట్టి నొక్కుడును తట్టుకుంటాయి. రెండూ కలిస్తేనే గోడ నిలుస్తుంది.

కర్రలో తడిక స్థానం సెల్యులోజుది. ఎండిన కర్ర బరువులో ఇది సుమారు 40 నుండి 45 శాతం. తాళ్ళ స్థానంలో ఉన్నవి హెమీసెల్యులోజులు. ఇవి కూడా చక్కెర పూసల గొలుసులే గాని పొట్టివి, కొమ్మలున్నవి, రకరకాల చక్కెరలతో గుచ్చినవి. మట్టి స్థానం లిగ్నిన్ అనే గోధుమరంగు పదార్థానిది. కర్ర రకాన్ని బట్టి ఇది 20 నుండి 30 శాతం వరకు ఉంటుంది. వీటికి తోడు జిగురు, మైనం, రంగు పదార్థాలు కొన్ని శాతాలు ఉంటాయి. కర్రకు రంగు, వాసన ఇచ్చేవి, కొన్నిటిలో చెదను దూరంగా ఉంచేవి ఇవే.

కనుక సెల్యులోజును తీయడమంటే తడిక విరగకుండా మట్టిని రాల్చి, తాళ్ళను విప్పడం. మట్టిని రాల్చడానికి గునపం వాడితే మట్టి త్వరగానే రాలుతుంది. వెదురు బద్దలు కూడా విరుగుతాయి. ఈ పనిలోని కష్టమంతా ఇక్కడే ఉంది.

ప్రయోగశాలలో

ఉదాహరణకు సుబాబుల్ కర్రను తీసుకుందాం. ఉమ్మడి కృష్ణా, ప్రకాశం జిల్లాల రైతులు ఈ చెట్టును తోటలుగా పెంచి కాగితపు మిల్లులకు టన్నుల లెక్కన అమ్ముతారు. పచ్చి కర్ర బరువులో చాలా భాగం నీరే. అందుచేత మొదటి పని కర్రలోని తేమను కొలవడం. కొద్ది నమూనాను 105 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో బరువు మారడం ఆగిపోయేవరకు ఆరబెట్టి లెక్క కడతారు. ఇకపై వచ్చే శాతాలన్నీ ఈ పొడి బరువు మీదనే. తేమ లెక్క తప్పితే తరువాతి లెక్కలన్నీ తప్పుతాయి.

రెండవ మెట్టు పొడి చేయడం. కర్రను మర పట్టి, సుమారు అర మిల్లీమీటరు కన్నులున్న జల్లెడలో జల్లిస్తారు. మరీ ముతకగా ఉంటే ద్రావణాలు లోపలికి వెళ్ళవు; మరీ మెత్తగా ఉంటే వడపోతలో జారిపోతుంది, పైగా మర దెబ్బకే గొలుసులు తెగుతాయి.

మూడవ మెట్టు జిగురును, మైనాన్ని తొలగించడం. సాక్స్‌లెట్ అనే గాజు పరికరంలో ఆల్కహాలు, టోలీన్ కలిపిన ద్రావణిని మరిగిస్తారు. ఆవిరి పైకి పోయి, చల్లబడి, కర్రపొడి మీద పడి, జిగురును కరిగించుకొని కిందికి దిగుతుంది. కొన్ని గంటలపాటు ఇదే చక్రం తిరుగుతుంది. పూర్వం టోలీన్‌కు బదులు బెంజీన్ వాడేవారు. అది క్యాన్సర్ కారకమని తేలిన తరువాత మానుకున్నారు. ఈ మెట్టును దాటవేస్తే మిగిలిన జిగురు తరువాతి పరీక్షలలో లిగ్నిన్‌గా లెక్కకు వచ్చి మోసం చేస్తుంది.

నాలుగవ మెట్టు లిగ్నిన్‌ను తొలగించడం. కర్రపొడిని నీటిలో వేసి, సోడియం క్లోరైటును, కొద్దిగా అసిటిక్ ఆమ్లాన్ని చేర్చి, 70 నుండి 75 డిగ్రీల వేడిలో ఉంచుతారు. గంటకొకసారి ఆ రెండింటినీ మళ్ళీ చేరుస్తారు. పొడి గోధుమరంగు నుండి లేత పసుపుకు, ఆపైన తెలుపుకు తిరుగుతుంది. ఈ సమయంలో వెలువడే క్లోరిన్ డయాక్సైడు విషవాయువు, పేలే స్వభావం కలది. వాయువులను వెలుపలికి లాగివేసే ఏర్పాటు ఉన్న ప్రయోగశాలలోనే, అనుభవజ్ఞుల సమక్షంలోనే ఈ పని చేయాలి. ఇంట్లో చేయదగినది ఎంతమాత్రం కాదు.

లిగ్నిన్ మొత్తం పోయేవరకు ఈ మెట్టును సాగించకూడదు. మొదట్లో క్లోరైటు లిగ్నిన్‌నే వెతుక్కొని తింటుంది. లిగ్నిన్ అడుగంటుతున్న కొద్దీ సెల్యులోజు గొలుసులపై పడుతుంది. అందుచేత రెండు మూడు శాతం లిగ్నిన్ మిగిలి ఉండగానే ఆపివేస్తారు. ఇంకొంచెం తెలుపు కోసం ఆశపడితే తడిక బద్దలు విరగడం మొదలవుతుంది. ఈ మెట్టు చివర మిగిలిన దానిని హోలోసెల్యులోజు అంటారు. సెల్యులోజు, హెమీసెల్యులోజులు కలిసిన ముద్ద అది.

అయిదవ మెట్టు తాళ్ళను విప్పడం. హోలోసెల్యులోజును 20 డిగ్రీల వేడిలో 17.5 శాతం కాస్టిక్ సోడా ద్రావణంలో నానబెడతారు. హెమీసెల్యులోజులు పొట్టివి కనుక కరిగిపోతాయి. పొడవైన సెల్యులోజు గొలుసులు కరగక మిగులుతాయి. దానిని వడగట్టి, నీటితోను, సజల అసిటిక్ ఆమ్లంతోను, మళ్ళీ నీటితోను కడిగి ఆరబెడతారు. ఈ మిగిలినదే ఆల్ఫా సెల్యులోజు.

లెక్క స్పష్టపడడానికి ఒక ఊహా ఉదాహరణ: పొడి కర్ర 10 గ్రాములు తీసుకుంటే, జిగురు పోగా 9.6 గ్రాములు, లిగ్నిన్ పోగా 7.2 గ్రాములు, హెమీసెల్యులోజులు పోగా 4.3 గ్రాములు మిగిలాయనుకుందాం. అంటే దిగుబడి 43 శాతం. చేతికి వచ్చినది దూది వంటి తెల్లని పొడి. అయినా పని సగమే అయింది.

తెల్లనివన్నీ పాలు కావు

తెల్లని పొడి సెల్యులోజేనా? అయితే ఎంత శుద్ధమైనది? దాని అమరిక చెట్టులో ఉన్నట్లే ఉందా? గొలుసులు ఎంత పొడవున మిగిలాయి? ఈ ప్రశ్నలకు కన్ను సమాధానం చెప్పలేదు. ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క పరీక్ష కావాలి.

మొదటిది శుద్ధత. పొడిని పరారుణ కిరణాలతో పరీక్షిస్తే అందులోని బంధాలు తమకు తగిన కిరణాలను శోషించి తమ ఉనికిని తెలియజేస్తాయి. సెంటీమీటరుకు 1510 తరంగాల దగ్గర కనిపించే శోషణ లిగ్నిన్‌కు గుర్తు. 1735 దగ్గర కనిపించేది ప్రధానంగా హెమీసెల్యులోజులకు గుర్తు. ఈ రెండు గుర్తులూ మెట్టు మెట్టుకూ తగ్గిపోవాలి. 897 దగ్గర ఉండే చిన్న శోషణ సెల్యులోజు పూసల మధ్య ముడికి చెందినది. అది నిలిచి ఉండాలి. మిగిలిన లిగ్నిన్‌ను తూచి తెలుసుకోవాలంటే పని తలకిందులుగా చేస్తారు. 72 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో నానబెట్టి, తరువాత నీరు చేర్చి పలచన చేసి మరిగిస్తే చక్కెర గొలుసులన్నీ కరుగుతాయి. కరగని నల్లని మడ్డి లిగ్నిన్.

రెండవది అమరిక. ఎక్స్ కిరణాలను పొడిపై ప్రసరింపజేస్తే స్ఫటిక భాగాలు వాటిని కొన్ని నిర్దిష్ట కోణాలలోనే మళ్ళిస్తాయి. సాధారణంగా వాడే రాగి ఎక్స్ కిరణాలతో చెట్టులోని సహజ సెల్యులోజు 22.5 డిగ్రీల దగ్గర పెద్ద శిఖరాన్ని, 15 నుండి 16.5 డిగ్రీల మధ్య చిన్న శిఖరాలను చూపుతుంది. పెద్ద శిఖరపు ఎత్తును 18 డిగ్రీల దగ్గరి పల్లపు ఎత్తుతో పోల్చి స్ఫటికత్వాన్ని అంచనా వేసే సులభ పద్ధతిని సీగల్, ఆయన సహచరులు 1959లో ప్రకటించారు. శిఖరం 1000, పల్లం 350 అయితే స్ఫటికత్వం 65 శాతం. ఒకే పరికరం మీద ఒక నమూనాను మరొక నమూనాతో పోల్చడానికి ఇది బాగా పనికివస్తుంది. దానిని పరమసత్యంగా తీసుకోరాదు.

ఈ పరీక్షలో ఒక చిత్రం బయటపడుతుంది. 17.5 శాతం కాస్టిక్ సోడాలో నానిన సెల్యులోజు శిఖరాలు చాలాసార్లు 12, 20, 22 డిగ్రీల వైపుకు జరుగుతాయి. అంటే గాఢమైన క్షారం హెమీసెల్యులోజును కరిగించడంతో ఊరుకోలేదు. గొలుసుల పేర్పును కూడా విప్పి మరో విధంగా పేర్చింది. నూలు దారానికి మెరుపు తెచ్చే మెర్సరైజింగ్ ప్రక్రియలో జరిగేది కూడా ఇటువంటి మార్పే. పందొమ్మిదవ శతాబ్దంలో జాన్ మెర్సర్ అనే ఆంగ్లేయుడు కనుగొన్న ప్రక్రియ అది. ఆ మార్పు నూలు నేతకు మేలు. చెట్టులోని సహజమైన అమరికనే పరిశీలించాలనుకునే వారికి మాత్రం అది నష్టం. అటువంటివారు నాలుగైదు శాతం క్షారంతో సరిపెట్టుకొని, కొంత హెమీసెల్యులోజు మిగిలిపోయినా ఓర్చుకుంటారు. శుద్ధత కావాలా, సహజరూపం కావాలా అన్నది ప్రయోగం మొదలుపెట్టక ముందే తేల్చుకోవలసిన విషయం.

మూడవది, అన్నిటికంటే ముఖ్యమైనది, గొలుసు పొడవు. దీనికి సెల్యులోజును కరిగించాలి. నీటిలో కరగని ఈ పదార్థం రాగి లవణాన్ని అమ్మోనియాలో కలిపిన నీలి ద్రావణంలో కరుగుతుందని 1857లో స్విట్జర్లాండుకు చెందిన ష్వైట్జర్ కనుగొన్నాడు. నేడు దానికి బదులుగా రాగిని ఎథిలీన్ డైఅమీన్‌తో కలిపిన ద్రావణాన్ని వాడతారు. కరిగిన సెల్యులోజును సన్నని గాజు గొట్టం గుండా జారవిడిచి, ఎంతసేపట్లో జారిందో కొలుస్తారు. గొలుసులు పొడవైనవైతే ద్రావణం పాకంలాగా చిక్కగా, నెమ్మదిగా జారుతుంది; పొట్టివైతే నీళ్ళలాగా జారిపోతుంది. ఆ కాలం నుండి సగటున గొలుసుకు ఎన్ని పూసలో లెక్కకట్టవచ్చు. చెట్టులో పదివేలున్న సంఖ్య మంచి కాగితపు గుజ్జులో సైతం వెయ్యి, రెండు వేలకు దిగుతుంది. అందంగా తెల్లబడిన పొడి ఈ పరీక్షలో కొన్ని వందల దగ్గర తేలడం పరిశోధకులకు తరచు ఎదురయ్యే నిరాశ.

మిల్లులో

ప్రయోగశాలలో గ్రాములలో జరిగిన పనే మిల్లులో టన్నులలో జరుగుతుంది. 1879లో కార్ల్ డాల్ జర్మనీలో రూపొందించిన క్రాఫ్ట్ పద్ధతిలో కర్ర ముక్కలను కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడు కలిపిన ద్రావణంలో 170 డిగ్రీల వరకు వేడిచేసి ఉడికిస్తారు. లిగ్నిన్ కరిగి నల్లని ద్రవంగా వెళ్ళిపోతుంది. దానిని పారబోయక చిక్కబెట్టి, కాల్చి, ఆవిరిని పుట్టిస్తారు. రసాయనాలను తిరిగి రాబడతారు. గుజ్జును తెల్లబరచడానికి ఒకప్పుడు క్లోరిన్ వాయువు వాడేవారు. దాని వలన డయాక్సిన్ అనే విషపదార్థాలు నీటిలో చేరుతున్నాయని 1980లలో తేలిన తరువాత అనేక దేశాలలో క్లోరిన్ డయాక్సైడు, ఆమ్లజని, హైడ్రోజన్ పెరాక్సైడు ఆ స్థానంలోకి వచ్చాయి.

బట్టకు కావలసిన గుజ్జు మరింత శుద్ధంగా ఉండాలి. ఇప్పటి ములుగు జిల్లాలోని కమలాపురం మిల్లులో 2014లో ఉత్పత్తి ఆగిపోయేవరకు రేయాన్ దారానికి పనికివచ్చే గుజ్జు తయారయ్యేది. ఇటువంటి గుజ్జు కోసం ఉడికించే ముందే హెమీసెల్యులోజులను తొలగించుకుంటారు. ఆ గుజ్జును మళ్ళీ రసాయనికంగా కరిగించి, సన్నని రంధ్రాల గుండా పోనిచ్చి దారం తీస్తారు. పత్తి చేను ఎరుగని నూలు అది.

వారపత్రికల కాగితం దారి వేరు. 1844లో కెల్లర్ అనే జర్మను నేతగాడు కర్రను తడి సానరాయికి ఒరిపిడి పెట్టి గుజ్జు చేసే పద్ధతి కనిపెట్టాడు. అందులో దాదాపు కర్ర అంతా కాగితమవుతుంది కనుక చవక. సామాన్యుని చేతికి పత్రిక అందడానికి ఆ చవకే కారణం. కాని తడిక మీది మట్టి, అనగా లిగ్నిన్, అలాగే ఉండిపోతుంది. పైగా సిరా పాకకుండా ఉండడానికి కాగితంలో పటిక, రోజనం కలిపే పద్ధతి 1807లో ఇల్లిగ్ ప్రకటించినప్పటి నుండి వాడుకలో ఉంది. పటిక కాగితంలో మెల్లమెల్లగా ఆమ్లాన్ని పుట్టిస్తుంది.

పుట ఎందుకు రాలుతుంది

వెలుతురు, గాలి సోకిన లిగ్నిన్ రంగు మారుతుంది. పుట పచ్చబడడానికి కారణం ఇది. రంగు మారినంత మాత్రాన పుట విరగదు. విరగడానికి కారణం ఆమ్లం. గాలిలోని తేమ సాయంతో ఆమ్లం పూసల మధ్య ముడిని తెంచుతుంది. వెయ్యి పూసల దండలో వేయింటికి ఒక్క ముడి, నడిమధ్యన తెగితే చాలు, పొడవు సగానికి సగం పడిపోతుంది. కాగితం బరువులో తేడా ఉండదు, చూపుకు తేడా ఉండదు. బలం మాత్రం పోతుంది. సగటు రెండు మూడు వందల పూసలకు దిగజారిన తరువాత కాగితం మడతను ఓర్చుకోలేదు. ఇరవయ్యో శతాబ్దం నడుమ అమెరికాలో విలియం బారో పాత పుస్తకాలను పరీక్షించి, కాగితం ఆయుష్షును తగ్గించడంలో ఆమ్లానిది ప్రధాన పాత్ర అని నిరూపించాడు. 1994లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 9706 ప్రమాణం ప్రకారం శాశ్వత కాగితం ఆమ్లగుణం లేనిదై ఉండాలి, లిగ్నిన్ అత్యల్పంగా ఉండాలి, పుట్టబోయే ఆమ్లాన్ని హరించడానికి సున్నపురాయి వంటి క్షారపదార్థం కనీసం రెండు శాతం నిలవ ఉండాలి. నేత చీరలో లిగ్నిన్ లేదు, పటిక ఆమ్లం లేదు, గొలుసులు పొడవైనవి. అమ్మమ్మగారి చీరకు, ధారావాహికకు ఉన్న భేదం ఇంతే.

దీనిని పిల్లలు ఇంట్లోనే చూడవచ్చు. వార్తాపత్రిక నుండి ఒక ముక్క, అచ్చుయంత్రాలలో వాడే తెల్లకాగితం నుండి ఒక ముక్క, తెల్లని నూలుగుడ్డ ఒక ముక్క తీసుకొని, ప్రతిదానిలో సగాన్ని నల్లని అట్టతో కప్పి, ఎండ పడే కిటికీలో వారం పది రోజులు ఉంచాలి. అట్ట తీసినప్పుడు వార్తాపత్రిక ముక్కలో కప్పిన సగానికీ కప్పని సగానికీ మధ్య గీత గీసినట్లు కనిపిస్తుంది. మిగిలిన రెండింటిలో అంత తేడా ఉండదు. చెట్టు నుండి లిగ్నిన్‌ను తీసినదెవరో, తీయనిదెవరో ఆ గీత చెబుతుంది.

తెగిన గొలుసును తిరిగి అతికే ఉపాయం లేదు. తెగడాన్ని ఆలస్యం చేయవచ్చు. పాత తెలుగు పుస్తకాలను అటక మీద, నేలమాళిగలో ఉంచరాదు. వేడి, తేమ రెండూ ఆమ్లానికి సాయపడతాయి. వెలుతురు తగలని, చల్లని, పొడి అరలో, ఆమ్లం లేని కాగితపు పెట్టెలో ఉంచాలి. వార్తాపత్రిక కత్తిరింపులను మంచి పుస్తకాల మధ్య పెట్టరాదు. వాటి ఆమ్లం పక్క పుటకు పాకుతుంది. జిగురు టేపు అంటించరాదు. పుట ఇంకా తిప్పగలిగే స్థితిలో ఉన్నప్పుడే, వెన్నును బలవంతంగా విప్పకుండా, ఛాయాచిత్రం తీసి అక్షరాలనైనా దాచుకోవాలి. ఈ పండుగ సెలవులలో అలమర సర్దేటప్పుడు ఆ బైండు పుస్తకాన్ని ఒకసారి మెల్లగా తెరిచి చూడడం మంచిది. వచ్చే ఏడు అది అంత మెల్లగానైనా తెరుచుకోకపోవచ్చు.